పద్నాలుగేళ్ళు ఒకే ప్రాజెక్టు, ఇప్పుడు బెంచ్: తప్పు ఎక్కడ జరిగిందో తవ్వుకుంటున్నాను

నాలుగింటి_కోడి
సోమవారం, రాత్రి 11:20

నమస్తే అందరికీ. నాలుగైదేళ్ళుగా ఇక్కడ చదువుతున్నానే గానీ ఎప్పుడూ రాసింది లేదు. ఇవాళ రాయాలనిపించింది. కాస్త పొడుగవుతుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

2010లో ఇంజనీరింగ్ అయిపోగానే హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో చేరాను. అందరూ జావాలో పడాలని మొక్కుకుంటుంటే నన్ను మెయిన్‌ఫ్రేమ్‌లో, అంటే బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు వాడే భారీ కంప్యూటర్ల మీద వేశారు. అక్కడ రాసే భాష కోబాల్, పుట్టింది 1959లో, అంటే మా నాన్న కంటే ఒక్క ఏడాది చిన్నది. అమెరికాలో ఒక ఇన్సూరెన్స్ క్లయింటు, ప్రొడక్షన్ సపోర్టు పని. అక్కడ సాయంత్రం ఆరుకి ఆఫీసు కట్టేశాక బ్యాచ్, అంటే ఆ రోజు పనులన్నీ (జాబ్‌లు) వరసగా నడిపేది, మొదలవుతుంది. మనకి వేసవిలో తెల్లవారుజాము మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. ఏ జాబ్ పడిపోయినా నా ఫోన్ మోగుతుంది. ఇక్కడ నా పేరు అందుకే ఇలా పెట్టుకున్నాను.

మొదటి రెండేళ్ళు నిజంగానే నేర్చుకున్నాను. మూడో ఏడాదికి సిస్టమ్ మొత్తం బుర్రలోకి ఎక్కేసింది. సాక్ సెవెన్ అనే ఎర్రర్ వచ్చిందంటే అంకె ఉండాల్సిన చోట ఇంకేదో వచ్చి కూర్చుందని అర్థం. అది ఏ ఫైల్లో, ఏ ఫీల్డులో అన్నది డంప్ తెరవకుండానే చెప్పేవాణ్ణి. మంచం మీద నుంచి లేవకుండా పావుగంటలో సరిచేసి మళ్ళీ ముసుగు తన్నేవాణ్ణి. పగలు పెద్ద పని ఉండేది కాదు. పెళ్ళయింది, బాబు పుట్టాడు, నిజాంపేటలో ఫ్లాట్ కొన్నాం. ఏటా ఐదారు శాతం హైకు. ఎవరైనా ఉద్యోగం ఎలా ఉందంటే "హాయిగా ఉంది" అనేవాణ్ణి. అబద్ధం కాదు, హాయిగానే ఉండేది.

2017లో ఊళ్ళోనే ఒక బ్యాంకు వాళ్ళ సెంటర్ నుంచి ఆఫర్ వచ్చింది. నలభై ఐదు శాతం ఎక్కువ. పని ఏమిటంటే, పాత మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాములు చదివి, అందులో ఏముందో అర్థం చేసుకుని జావాలోకి తీసుకెళ్ళడం. రాజీనామా పెట్టాను. మేనేజర్ కింద టీ బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇరవై శాతం పెంచుతామన్నాడు, ఆన్‌సైట్ అన్నాడు, చివర్లో ఒక మాట అన్నాడు: "నువ్వు లేకపోతే ఈ ప్రాజెక్టు నడవదురా." ఆ మాటకి పడిపోయాను. ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా గొప్పగా చెప్పాను. ప్రాజెక్టు లేకపోతే నేనెందుకు అనే ప్రశ్న మాత్రం తట్టలేదు.

పోయినేడు క్లయింటు మొత్తం సిస్టమ్ తీసేసి రెడీమేడ్ ప్యాకేజీకి మారాలని నిర్ణయించుకున్నారు. అది పూర్తయ్యేదాకా పాతది నడిపే పని కూడా ఇంకో వెండరుకి ఇచ్చేశారు. ఆ వెండర్ పిల్లలకి మూడు నెలలు నేనే కేటీ ఇచ్చాను, అంటే పని మొత్తం నేర్పి అప్పగించాను. తర్వాత రెండు నెలలు బెంచ్, అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా కూర్చోవడం. తర్వాత హెచ్‌ఆర్ మేడమ్ చాలా మర్యాదగా పిలిచి, మీరే పేపర్లు పెట్టేస్తే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఉంటుందన్నారు. ఇప్పుడు నోటీస్ పీరియడ్‌లో ఉన్నాను. 90 రోజుల్లో 31 అయిపోయాయి.

ఐదు ఇంటర్వ్యూలకి వెళ్ళాను. నాలుగింట్లో ఫోన్ రౌండే దాటలేదు. ఐదోదాంట్లో ఒకాయన అడిగాడు: "ఈ సిస్టమ్‌ని మళ్ళీ మొదటినుంచి మీరే కట్టాల్సి వస్తే ఎలా కడతారు?" నోట మాట రాలేదు. పద్నాలుగేళ్ళు రిపేరు చేశాను గానీ కట్టడం ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇలాంటి తప్పు చేసి బయటపడినవాళ్ళు ఉంటే రాయండి. ఓదార్పు వద్దు, అది ఇంట్లో దొరుకుతోంది.

గుంటూరు_మిర్చి
సోమవారం, రాత్రి 11:41

కోడివై ఉండి పద్నాలుగేళ్ళు బతికావంటే అదే గొప్ప.

సరే, జోకు పక్కన పెట్టు. ఈఎంఐ ఎంత? చేతిలో ఎన్ని నెలలకి సరిపడా ఉంది? ముందు అది తేల్చు, వేదాంతం తర్వాత.

నాలుగింటి_కోడి
సోమవారం, రాత్రి 11:48

ఈఎంఐ 38 వేలు. జాగ్రత్తగా ఉంటే ఏడు నెలలు నడుస్తుంది. మా ఆవిడ స్కూల్లో టీచర్, ఆ జీతం వేరే. రోడ్డున పడే పరిస్థితి లేదు మిర్చీ. కానీ నిద్ర పట్టట్లేదు.

పటాన్‌చెరు_కెమిస్ట్
మంగళవారం, ఉదయం 6:05

కంపెనీ బస్సులో కూర్చుని రాస్తున్నా అన్నా, అక్షరాలు తప్పితే ఏమనుకోకు.

నాది సాఫ్ట్‌వేర్ కాదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, టాబ్లెట్లు తయారుచేసే ఫార్మా కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్. తొమ్మిదేళ్ళు హెచ్‌పీఎల్‌సీ మీదనే, మందులో ఏది ఎంత ఉందో విడదీసి కొలిచే మెషీన్ అది. పొద్దున వచ్చి మొబైల్ ఫేజ్ కలుపుకోవడం, కాలమ్ పెట్టడం, సిస్టమ్ సూటబిలిటీ చూసుకోవడం, ఇంజెక్షన్లు వేయడం, క్రోమాటోగ్రామ్ తీసి రికార్డు రాయడం. రోజూ ఇవే టెస్టులు: అస్సే, డిసొల్యూషన్, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్, మళ్ళీ అస్సే. చేతులు వాటంతటవే పోతాయి. బస్సు ఇంటి ముందే ఆగుతది, క్యాంటీన్‌లో భోజనం పది రూపాయలు. మా ఇంట్లో కలెక్టర్ ఉద్యోగం లెక్క చూసేవాళ్ళు.

ఒకసారి వేరే కంపెనీలో అనలిటికల్ ఆర్ అండ్ డీకి ఇంటర్వ్యూ. "మీరు రోజూ వాడే మెథడ్‌లో బఫర్ పీహెచ్ 3 ఎందుకు పెట్టారు? 6 పెడితే ఏమవుతది?" అని అడిగారు. ఎస్‌టీపీలో (టెస్టు ఎలా చేయాలో రాసిన కాగితం) 3 అని ఉంది సార్, అందుకే పెడతాం అన్నా. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆ రోజు తెలిసింది. నేను చేసిందంతా వంటపుస్తకం చూసి వండటం. ఉప్పు ఎందుకు వేయాలో తెలియదు, చెంచాడు అని ఉంటే చెంచాడు వేసేవాణ్ణి. తొమ్మిదేళ్ళ అనుభవం అని రెజ్యూమెలో రాసుకున్నా గానీ, ఒకే ఏడాదిని తొమ్మిదిసార్లు చేశా.

ఉద్యోగం మాత్రం మానలేదు. మా ల్యాబ్‌లోనే మెథడ్ వ్యాలిడేషన్, అంటే టెస్టు పద్ధతి సరిగ్గా పనిచేస్తదా అని రుజువు చేసే టీమ్ పక్క గదిలో ఉంటది. జనరల్ షిఫ్ట్ అయిపోయాక వాళ్ళ దగ్గర కూర్చునేవాణ్ణి. ఇంటికి పోయేది తొమ్మిదింటి బస్సుకు. మొదట్లో వాళ్ళకి గ్లాస్‌వేర్ కడిగి పెట్టా, నిజంగా. ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు అదే కంపెనీలో వ్యాలిడేషన్‌లో ఉన్నా. జీతం పెద్దగా పెరగలేదు. కానీ ఇప్పుడు ఎవరైనా పీహెచ్ ఎందుకు 3 అంటే, ఆ అణువు ఏ పీహెచ్‌లో అయానుగా మారుతదో, మారితే పీక్ ఎటు జరుగుతదో చెప్తా.

ఇద్దరు_పిల్లల_టెస్టర్
మంగళవారం, ఉదయం 10:30

నేను కాస్త ఎదురు మాట్లాడతాను, ఏమనుకోకండి.

ఇక్కడ అందరూ హాయిగా ఉండటమే నేరం అన్నట్టు రాస్తారు. నేను మాన్యువల్ టెస్టింగ్‌లో పదకొండేళ్ళు ఒకే చోట ఉన్నాను. నా బ్యాచ్‌మేట్లు ఆటోమేషన్ నేర్చుకుని, మూడు కంపెనీలు మారి, నాకు రెట్టింపు తీసుకుంటున్నారు. నాకు తెలియక ఉండలేదు. 2018లో పెద్దమ్మాయి పుట్టింది. మారదామనుకున్నప్పుడల్లా ఏదో ఒక లెక్క అడ్డొచ్చేది. ప్రసూతి సెలవు 26 వారాలు రావాలంటే డెలివరీకి ముందు పన్నెండు నెలల్లో ఆ కంపెనీలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. కడుపుతో ఉండి కొత్త కంపెనీలో ఆ రోజులు లెక్కపెట్టుకునే ధైర్యం నాకు లేదు. తర్వాత మామగారికి డయాలసిస్. వారానికి మూడుసార్లు ఆస్పత్రి. మా మేనేజర్ ఒక్కసారి కూడా "ఎక్కడికెళ్ళావ్" అని అడగలేదు. ఆ అడగకపోవడానికి వెల ఎంతో మీరు కట్టగలరా?

నాకు హాయి ఊరికే రాలేదు. ఏటా రావాల్సిన హైకుతో కొనుక్కున్నాను. తెలిసి కొన్నాను కాబట్టి ఏడవను. నాలుగింటి కోడి గారూ, మీ బాబు చిన్నప్పుడు మీరు ఇంట్లో ఉన్నారు కదా, ఆ పద్దు కూడా రాయండి. ఖర్చులే రాస్తే ఎలా?

నాలుగింటి_కోడి
మంగళవారం, మధ్యాహ్నం 1:15

మేడమ్, మీ మాటకి చాలాసేపు జవాబు రాయలేకపోయాను. బాబు నడక నేర్చుకున్న రోజు నేను ఇంట్లోనే ఉన్నాను, నిజమే. ఆ పద్దు ఉంది.

కానీ మీకూ నాకూ ఒక తేడా ఉంది. మీరు ఏం వదులుకుంటున్నారో తెలిసి వదులుకున్నారు. నేను ధర అడక్కుండా కొన్నాను. 2017 తర్వాత, ఈ బెంచ్ పడేదాకా, ఒక్క ఇంటర్వ్యూకీ వెళ్ళలేదు. బయట నా విలువెంతో ఏడేళ్ళు చూసుకోలేదు. పైగా బాబు స్కూలుకి వెళ్ళడం మొదలయ్యాక కూడా అదే కారణం చెప్పుకుంటూ కూర్చున్నాను.

ఆరు_కంపెనీలు
మంగళవారం, మధ్యాహ్నం 2:02

అటువైపు నుంచి ఒక మాట. తొమ్మిదేళ్ళలో ఆరు కంపెనీలు మారినవాణ్ణి. ప్రతిసారీ ముప్పై శాతం. ఐదోసారికి హీరోలా ఫీలయ్యాను. ఆరోది స్టార్టప్, పద్నాలుగు నెలలకి మూతపడింది. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా మొదటి ప్రశ్న "మీరు మా దగ్గర ఎన్నాళ్ళుంటారు?" కట్టినదాన్ని ఎక్కడా రెండో ఏడాది చూడలేదు. నేను రాసిన కోడ్ ప్రొడక్షన్‌లో ఎలా పగులుతుందో తెలియకుండానే అక్కడి నుంచి వెళ్ళిపోయేవాణ్ణి. కోడి బాబాయ్‌కి రిపేరే తెలుసు, నాకు కట్టడమే తెలుసు. మా ఇద్దరినీ కలిపితే ఒక మంచి ఇంజనీరు వస్తాడు.

గుంటూరు_మిర్చి
మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఆ ఒక్క ఇంజనీరుకి రెండు జీతాలు ఎవరిస్తారు మరి?

కేబుల్‌గారబ్బాయి
మంగళవారం, సాయంత్రం 7:44

మా నాన్న బీఎస్‌ఎన్‌ఎల్‌లో కేబుల్ జాయింటర్. ముప్పై ఒక్క ఏళ్ళు. వర్షాకాలంలో గుంతలో దిగి, నీళ్ళు తోడి, వందల జతల రాగి తీగలు రంగు చూసి కలిపేవాడు. తర్వాత ల్యాండ్‌లైన్లు పోయాయి, రాగి పోయింది, ఫైబర్ వచ్చింది. ఆ పని కాంట్రాక్టు కుర్రాళ్ళకి వెళ్ళింది. చివరి ఆరేడేళ్ళు ఆయనకి పని దాదాపు లేదు. ఎక్స్ఛేంజ్‌కి వెళ్ళి పేపర్ చదువుకుని వచ్చేవాడు. 2019లో యాభై దాటినవాళ్ళకి వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) పెట్టినప్పుడు దేశం మొత్తం మీద 78 వేలమందికి పైగా తీసుకున్నారు, అందులో మా నాన్న ఒకడు. 2020 జనవరి 31 ఆఖరి రోజు.

అందరూ అనుకున్నట్టు కుంగిపోలేదు. పెన్షన్ ఉంది. ఇప్పుడు వీధిలో ఎవరికి మోటారు కాలినా ఆయన్నే పిలుస్తారు. అంటే ఆయన హాయిగా కూర్చున్న కుర్చీకి కింద పెన్షన్ అనే ఇంకో కాలు ఉంది. మన ప్రైవేటు కుర్చీకి ఆ కాలు లేదు. నాన్నల్ని చూసి మనమూ అలా కూర్చున్నాం. మా చిన్నాన్న ప్రభుత్వ టీచరు, 2004 సెప్టెంబరు తర్వాత చేరాడు కాబట్టి సీపీఎస్, పాత పెన్షన్ లేదు. ఆయనకి కూడా నాన్న కుర్చీ లేదు, అయినా కూర్చునే తీరు నాన్నదే.

ఫ్రిస్కో_తెలుగోడు
బుధవారం, ఉదయం 8:30

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఈ జబ్బుకి వేరే పేరుంది, గ్రీన్ కార్డ్. "ప్రాసెస్ నడుస్తోంది, ఇప్పుడు కదిలితే మొదటికొస్తుంది" అని ఎనిమిదేళ్ళు ఒకే క్లయింటు దగ్గర ఒకే రిపోర్టులు చేశాను. ఐ-140 (కంపెనీ మనకోసం వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్) అప్రూవ్ అయ్యాక ప్రయారిటీ డేట్, అంటే లైన్‌లో మన తేదీ, మనతోనే వస్తుందని, కొత్త కంపెనీ పెర్మ్ (లేబర్ సర్టిఫికేషన్), ఐ-140 మళ్ళీ వేయాల్సి ఉన్నా లైన్‌లో మన చోటు పోదని లాయర్ ముందే చెప్పాడు. విన్నాను. కానీ భయానికి ఒక కారణం కావాలి కదా, అది వదులుకోబుద్ధి కాలేదు.

ఆ తర్వాత లేఆఫ్ అయింది. హెచ్1బీ వీసా వాళ్ళకి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి 60 రోజులే. ఎనిమిదేళ్ళలో నేర్చుకోనిది ఆ 60 రోజుల్లో నేర్చుకోవడానికి కూర్చున్నాను. యాభై మూడో రోజు ఉద్యోగం దొరికింది. ఆ యాభై రెండు రోజులు ఎలా గడిచాయో రాయను.

కొత్త_బిచ్చగాడు
బుధవారం, ఉదయం 9:12

అన్నలకి, అక్కలకి నమస్తే. నేను చేరి పద్నాలుగు నెలలే. నన్నూ సపోర్టులోనే వేశారు. మా టీమ్ లీడ్ ఐదేళ్ళు కదలకు, గ్రాట్యుటీ పోతుంది, పీఎఫ్ పెన్షన్ పోతుంది అంటున్నాడు. నిజమేనా?

కేబుల్‌గారబ్బాయి
బుధవారం, ఉదయం 9:50

సగం నిజం తమ్ముడూ. గ్రాట్యుటీకి ఐదేళ్ళు కావాలి, అది ఆ కంపెనీతోనే. లెక్క ఇది: ఆఖరి బేసిక్‌ని 15తో గుణించి 26తో భాగించి ఎన్నేళ్ళు చేశావో దానితో గుణించాలి. నీ బేసిక్ అప్పటికి 20 వేలు అనుకో, ఐదేళ్ళకి దాదాపు 57,700. నెలకి వెయ్యి రూపాయల కిందే పడుతుంది. దానికోసం నాలుగేళ్ళు నచ్చని చోట ఉండాలో వద్దో నువ్వే చూసుకో.

పీఎఫ్ పెన్షన్‌కి కావాల్సింది పదేళ్ళ సర్వీసు, అది అన్ని కంపెనీలదీ కలుపుతారు. మారినప్పుడల్లా యూఏఎన్ (ఎన్ని కంపెనీలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబరు) మీద పాత అకౌంట్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకో, డబ్బు మాత్రం తీసేయకు. చాలామంది మారగానే తీసేసి బైక్ కొంటారు, సర్వీసు అక్కడ తెగుతుంది.

నాలుగింటి_కోడి
బుధవారం, ఉదయం 10:05

నేనూ ఇదే లెక్క వేసుకున్నాను తమ్ముడూ, 2017లో. ఇప్పుడు నాకు వచ్చే గ్రాట్యుటీ 40 వేల బేసిక్ మీద 3 లక్షల 23 వేలు. ఆ రోజు వదులుకున్న జీతం తేడా ఒక్క ఏడాదిలోనే ఇంతకంటే ఎక్కువ.

ప్యానెల్_పెద్దాయన
బుధవారం, రాత్రి 10:15

నేను టేబుల్‌కి అవతలివైపు కూర్చునేవాణ్ణి. ఇరవై రెండేళ్ళ అనుభవం, అందులో పన్నెండేళ్ళుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఓదార్పు వద్దన్నావు కాబట్టి సూటిగా రాస్తాను.

పద్నాలుగేళ్ళు ఒకే చోట ఉన్నావని ఎవరూ నిన్ను వద్దనరు. మెయిన్‌ఫ్రేమ్ అని కూడా అనరు. పెద్ద బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు ఇంకా వాటి మీదే నడుస్తున్నాయి. బయటికి రావాలనుకునేవాళ్ళు కూడా రాలేకపోతున్నది ఎందుకు? ఆ కోడ్ రాసినవాళ్ళు రిటైరయ్యారు. డాక్యుమెంట్లు లేవు. ప్రోగ్రాము ఏం చేస్తుందో చెప్పేది ఆ ప్రోగ్రాము ఒక్కటే. దాన్ని చదివి "ఇది ఇందుకు ఇలా ఉంది" అని చెప్పగలిగే మనిషి కోసం మా టీమ్‌లోనే ఎనిమిది నెలలుగా వెతుకుతున్నాం.

మరి నిన్ను ఎందుకు తీసుకోలేదు? ఊహించి చెప్తాను, తప్పైతే తిట్టు. సీనియర్లు వచ్చి కూర్చుంటారు. "మేము సపోర్ట్ చేశాం, మేము ఎస్ఎల్ఏ (క్లయింటుకి ఒప్పుకున్న గడువులు) మెయింటెయిన్ చేశాం" అంటారు. మీరు ఏం చేశారు అంటే మళ్ళీ మేము అంటారు. పదేళ్ళు హాయిగా ఉన్న మనిషి నోట్లోంచి "నేను" అనే మాట పోతుంది. అహంకారం పోయింది అనుకుంటారు గానీ పోయింది లెక్క.

నీకు రెండు ప్రశ్నలు. ఎవరూ చెప్పకుండా, టికెట్ లేకుండా, నీ అంతట నువ్వు మార్చింది ఏమైనా ఉందా? రెండోది, ఆ ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళకే తెలియకుండా, నీకు మాత్రమే తెలిసిన వాళ్ళ వ్యాపార నియమం ఒకటి చెప్పు. పేర్లు వద్దు.

నాలుగింటి_కోడి
గురువారం, తెల్లవారుజాము 4:35

(మెలకువ వచ్చేసింది, అలవాటు.)

మొదటిదానికి ఏమీ లేదనే రాయబోయాను. తర్వాత ఒకటి గుర్తొచ్చింది. 2015లో రెన్యువల్ జాబ్ ఒకటి మూడు గంటల నలభై నిమిషాలు పట్టేది. ఎప్పుడో మూసేసిన పాలసీల్ని కూడా ప్రోగ్రాములోకి తీసుకెళ్ళి, ఒక్కోటి చదివి, ఇది మూసేసింది కదా అని పక్కన పెట్టేది. ప్రోగ్రాముకి ముందే డీఎఫ్‌సార్ట్ అనే టూల్‌తో ఒక స్టెప్ పెట్టి వాటిని వడకట్టేశాను. యాభై నిమిషాలకి వచ్చింది. ఎవరూ అడగలేదు. నా నిద్ర కోసం చేశాను, నిజం చెప్తున్నాను. చిన్న పని అని రెజ్యూమెలో రాయలేదు.

రెండోది. అమెరికాలో ఇన్సూరెన్స్ నియమాలు రాష్ట్రానికొకటి. ప్రీమియం కట్టకపోతే ఎన్ని రోజులు ఆగాలి, ఎప్పుడు నోటీసు పంపాలి, అన్నీ వేరు వేరు. సిస్టమ్‌లో దానికి ఒక టేబుల్ ఉంది. కానీ ఒక రకం పాలసీకి టేబుల్ చూడకుండా, ఎవరో ఎనభైల్లో ప్రోగ్రాములోనే రోజుల సంఖ్య రాసేశారు. నియమం మారి టేబుల్ మార్చినప్పుడల్లా ఆ ఒక్క రకం తప్పుతుంది. క్లయింటు వాళ్ళు ప్రతిసారీ డేటా తప్పు అనుకునేవాళ్ళు. ఇలాంటివి నా దగ్గర మూడు లాంగ్ నోటుబుక్కులు ఉన్నాయి.

ప్యానెల్_పెద్దాయన
గురువారం, ఉదయం 7:20

ముందు ఆ నోటుబుక్కులు ఆఫీసులో అప్పగించి రశీదులా ఒక మెయిల్ పెట్టుకో. అవి క్లయింటువి. బుర్రలో ఉన్నది మాత్రం నీదే.

రెండో విషయం. ఆ ఐదో ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నకి జవాబు నీ పోస్టులోనే ఉంది. "మళ్ళీ కడితే ఎలా కడతారు?" రాష్ట్రాల నియమాలన్నీ ప్రోగ్రాము బయట ఒకే చోట పెడతాను, ఏ పాలసీకీ మినహాయింపు ఇవ్వను, మూసేసినవాటిని మొదటే వడకడతాను. ఇదే కదా? డిజైన్ అంటే ఇంకేమనుకున్నావు?

నాలుగింటి_కోడి
గురువారం, ఉదయం 7:26

సార్. ఇది మీరు రెండు నెలల క్రితం చెప్పి ఉంటే బాగుండేది.

గుంటూరు_మిర్చి
గురువారం, ఉదయం 7:40

రెండు నెలల క్రితం నువ్వు రాయలేదు కదా కోడీ.

పటాన్‌చెరు_కెమిస్ట్
గురువారం, ఉదయం 7:58

అన్నా, నాకు బఫర్. నీకు టేబుల్. అంతే తేడా. ఇంకొకటి, సిగ్గుపడకుండా కోర్సు కూడా చెయ్. సాయంత్రం అమీర్‌పేట పోతే మైత్రీవనం చుట్టూ క్లాసుల్లో సగంమంది మన వయసు వాళ్ళే. మా తమ్ముడు అజ్యూర్ క్లౌడ్ కోర్సుకి పోయినప్పుడు పక్కన కూర్చున్నాయనకి నలభై ఆరేళ్ళంట.

ఇద్దరు_పిల్లల_టెస్టర్
గురువారం, ఉదయం 11:00

అమీర్‌పేటకి వెళ్ళండి గానీ, ఏది దొరికితే అది నేర్చుకోవద్దు. నేను ఒకసారి భయంతో మూడు కోర్సులు కట్టేశాను, ఒక్కటీ పూర్తి చేయలేదు. చివరికి పనికొచ్చింది సెలీనియం (టెస్టింగ్ ఆటోమేషన్ టూల్) ఒక్కటే, ఎందుకంటే అది నేను రోజూ చేతితో చేసే పనికి పక్కనే ఉంది. మొన్న మీకు కాస్త గట్టిగా రాశాను గానీ, నేనూ ఆర్నెల్లుగా రాత్రి పిల్లలు పడుకున్నాక గంట కూర్చుంటున్నాను. మామగారు పోయిన ఏడాది వెళ్ళిపోయారు. నేను చెప్పే కారణం కూడా ఆయనతోనే పోయింది కదా.

కొత్త_బిచ్చగాడు
గురువారం, మధ్యాహ్నం 12:45

అక్కా, అన్నా, ఒక సందేహం. నాకు ఇప్పుడు సపోర్టులో హాయిగానే ఉంది. ఎప్పుడు లేవాలో ఎలా తెలుస్తుంది?

ఆరు_కంపెనీలు
గురువారం, మధ్యాహ్నం 1:05

పద్నాలుగు నెలలకే అడిగావంటే నువ్వు మా ఇద్దరికంటే తెలివైనవాడివి. ఏడాదికోసారి ఊరికే రెండు ఇంటర్వ్యూలకి వెళ్ళు. మారడానికి కాదు, బీపీ చూపించుకున్నట్టు.

నాలుగింటి_కోడి
మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:30

చిన్న అప్‌డేట్.

నోటుబుక్కులు ఇచ్చేశాను. రెజ్యూమె మళ్ళీ రాశాను. మొదటి పేజీలో ఆ రెన్యువల్ జాబ్ ఉంది, 3 గంటల 40 నిమిషాల నుంచి 50 నిమిషాలు అని. రెండు చోట్ల ఫోన్ రౌండ్ దాటాను. ఒకచోట జావా చేసి ఉండాలన్నారు, పోయింది. ఇంకోచోట పాత కోడ్ చదివి నియమాలు రాసిపెట్టే పని, కాంట్రాక్టు, ఇప్పటి జీతం కంటే పది శాతం తక్కువ. ఎల్లుండి రెండో రౌండ్. మా ఆవిడ తక్కువైనా వెళ్ళమంటోంది. 2017లో అదే పనికి నలభై ఐదు శాతం ఎక్కువ ఇస్తామన్నారని మాత్రం ఇంట్లో గుర్తు చేయట్లేదు.

ఇంకోటి. నిన్న పొద్దున నాలుగున్నరకి ఫోన్ మోగింది. కొత్త వెండర్ కుర్రాడు. "అన్నా, సాక్ సెవెన్. క్లయింట్ కాల్‌లో ఉన్నారు, ప్లీజ్ అన్నా." కళ్ళు తెరవకుండానే చెప్పేశాను, ఫలానా ఫైల్లో ప్రీమియం ఫీల్డు చూడు, ఖాళీలు వచ్చి ఉంటాయి అని. పది నిమిషాలకి "దొరికింది అన్నా" అని మెసేజ్.

గుంటూరు_మిర్చి
ఆదివారం, రాత్రి 9:34

ఫ్రీగానా?!

నాలుగింటి_కోడి
ఆదివారం, రాత్రి 9:37

నోటీస్‌లోనే ఉన్నాను కదా, ఆ రోజుకి జీతం వస్తోంది. కాకపోతే ఈసారి ఒకటి చేశాను. వాడికి జవాబు చెప్పాక ఫోన్ పెట్టనివ్వలేదు. ఆ ఖాళీలు ఎక్కడి నుంచి వస్తున్నాయో నువ్వే వెతికి సాయంత్రానికి నాకు చెప్పు అన్నాను. సాయంత్రం ఫోన్ చేశాడు, సగం కరెక్టు. మిగతా సగం ఇవాళ చెప్తానన్నాడు. ఇంకా చేయలేదు.

ప్యానెల్_పెద్దాయన
ఆదివారం, రాత్రి 9:52

ఎల్లుండి రౌండ్‌లో ఆ కుర్రాడి సంగతి చెప్పు. "మేము" అనకు.